మారిషస్‌ను బీచ్‌లు దాటి తెలుసుకోవడం ఎలా?

మారిషస్ అనగానే నీలి సముద్రం, హనీమూన్ ప్యాకేజీలు గుర్తొస్తాయి. ఆ ఫొటోల్లో అక్కడి మనుషులు కనపడరు. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఆ తర్వాత 1810 నుంచి 1968 దాకా బ్రిటిష్‌వాళ్లు ఏలిన దీవి అది. డచ్చివాళ్లు రాకముందు అక్కడ ఊళ్లే లేవు. అందుకే ఎవరిని కలిసినా, వాళ్ల ముత్తాతలు ఏ ఓడలో, ఏ పరిస్థితుల్లో వచ్చారన్నది పెద్ద కథ.

1. బయల్దేరేముందు వాళ్ల సెలవుల జాబితా చూడండి

ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిన రోజు. మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చిన రోజు. నవంబర్ 2న భారతీయ కూలీలు దిగిన రోజు. మన ఉగాది కూడా అక్కడ ప్రభుత్వ సెలవే. వీటిలో ఏదో ఒక రోజుకి అక్కడ ఉండేలా టికెట్ తీసుకోగలిగితే మంచిది.

2. మొదటి రోజు రాజధాని పోర్ట్ లూయీకే ఇవ్వండి

రేవు పక్కనే, భారతీయ కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ ఉంది. అక్కడున్నవి పదహారు రాతిమెట్లు, కొన్ని పాత గదులు. చూసేయడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ అలా చూడకండి. కాసేపు కూర్చోండి. 1834లో అట్లాస్ అనే ఓడ తొలి కూలీలను ఈ ఊరికి తెచ్చింది. ఆ తర్వాత దాదాపు ఐదు లక్షల మంది వచ్చారు. చెరకు తోటల్లో ఒక్క రోజు పని మానితే రెండు రోజుల కూలి కోసేవారు.

కూలీల కథ మనది కాబట్టి మనం అక్కడే ఆగిపోతాం. ఆగొద్దు. ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలకు 1835లో విముక్తి దొరికింది. అది రాబోతోందని ముందే తెలిసిన తోటల యజమానులకు వేరే పనివాళ్లు కావలసి వచ్చారు, మనవాళ్లను తెచ్చారు. అదే ఊళ్లో బానిసత్వ మ్యూజియం ఉంది. రెండూ ఒకే రోజు చూస్తేనే ఈ లంకె మనసుకి పడుతుంది.

3. ల మోర్న్ కొండ దగ్గరికి వెళ్లండి

నైరుతి మూలన ఉంటుంది. పారిపోయిన బానిసలు ఆ కొండమీద తలదాచుకున్నారు. విముక్తి కబురు చెప్పడానికి వచ్చినవాళ్లను చూసి, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు పైనుంచి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. దాన్ని కేవలం ట్రెక్కింగ్‌గా చూడటం నాకు నచ్చదు.

4. నాలుగు క్రియోల్ మాటలు నేర్చుకోండి

పార్లమెంటులో ఇంగ్లీషు, పత్రికల్లో ఎక్కువగా ఫ్రెంచి, ఇళ్లలో క్రియోల్. "కి మాన్యేర్?" అంటే ఎలా ఉన్నారు అని. "మో బ్యెన్" అంటే బాగున్నాను. క్రియోల్‌ను మాత్రం "వచ్చీరాని ఫ్రెంచి" అనకండి. తోటల్లో బానిసల నోళ్లలో పుట్టి, ఇవాళ దేశమంతా మాట్లాడుకునే భాష అది.

బండి దగ్గర ధోల్‌పురి తింటూ మొదలుపెట్టవచ్చు. బొబ్బట్టులాగే ఉంటుంది, తీపి ఉండదు, లోపల పప్పు పొడి.

5. చాగోస్ దీవుల గురించి అడగండి

స్వాతంత్ర్యం ఇవ్వడానికి మూడేళ్ల ముందు, 1965లో, బ్రిటన్ ఆ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. వాటిలో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం అక్కడి జనాన్ని ఖాళీ చేయించింది. చాలామందిని మారిషస్‌లో దింపేశారు. వాళ్లు, వాళ్ల పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. అడిగాక మీరు మాట్లాడకండి, వినండి.

6. తెలుగువాళ్లను కలవండి, పరీక్ష పెట్టకండి

కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లను కొరింగీలనేవారు. "తెలుగువాళ్లై ఉండి తెలుగు రాదా?" అనే ప్రశ్న వేయొద్దు. ఇన్ని తరాల తర్వాత కూడా రామభజన, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ నిలబెట్టుకున్నారు. వాటి గురించి అడగండి, మాటలు వాటంతటవే వస్తాయి.

మీ ఇంట్లో "మా ముత్తాత తమ్ముడు మారిషస్ వెళ్లి తిరిగి రాలేదు" అనే మాట ఉంటే, మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ సంస్థకు ముందే రాయండి. కూలీల రికార్డులు అక్కడే ఉన్నాయి. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు సిద్ధంగా ఉంచుకోండి. గుమాస్తాలు చెవికి వినపడినట్టు రాసుకున్నారు కాబట్టి, ఆ పేర్లు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ రాసి పంపండి.