పోస్టు డబ్బా మీద రెండు ఇంటిపేర్లూ రాయండి

మా పాపకి జర్మనీలోని హాంబర్గ్‌లో బడి సెలవులు జులైలో మొదలవుతాయి. అందుకే మేం విశాఖ చేరేసరికి ఏటా మామిడిపళ్ళు అయిపోయి ఉంటాయి. పెద్ద వాల్తేరులో అమ్మ ఇంట్లో సూట్‌కేసు విప్పకముందే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. ఈసారి ఎదురింటి అమ్మాయి. పెళ్ళయి నాలుగు నెలలైంది. భర్త అక్కడే ఇంజినీరు. సెప్టెంబరులో ప్రయాణం. "అక్కా, కుక్కర్ తీసుకెళ్ళాలా?" అన్నది మొదటి ప్రశ్న. 2015 నవంబరులో మావారి వెనకాల బయల్దేరేముందు నేనడిగిందీ అదే. కుక్కర్ సంగతి చివర్లో చెప్తాను. ముందు పేరు సంగతి చూడాలి.

నా పాస్‌పోర్టు పెళ్ళికి ముందు మర్రిపాలెంలో తీసుకున్నది. అందులో మా నాన్నగారి ఇంటిపేరు ఉంది. మావారి దాంట్లో వాళ్ళ ఇంటిపేరు. మన దగ్గర దీన్నెవరూ పట్టించుకోరు. జర్మనీలో చాలా అపార్ట్‌మెంట్లకి ఫ్లాట్ నంబరే ఉండదు. చిరునామా అంటే వీధి, భవనం నంబరు, మీ ఇంటిపేరు. అంతే. కింద కాలింగ్ బెల్ పక్కనా, పోస్టు డబ్బా మీదా ఆ పేరు ఉంటేనే ఉత్తరం అందుతుంది. మా డబ్బా మీద మావారి ఇంటిపేరు ఒక్కటే అతికించి ఉంది. నా ఉత్తరాలన్నీ వచ్చిన దారినే వెనక్కి పోయాయి. వాటిలో పన్ను నంబరు ఉత్తరం ఒకటి. అది పదకొండు అంకెల నంబరు. ఉద్యోగంలో చేరినప్పుడు అది ఇవ్వకపోతే జీతంలో పన్ను బాగా ఎక్కువ కోసేస్తారు. మళ్ళీ అడిగి తెప్పించుకోవడానికి నెల పైనే పట్టింది. ఈలోగా ఇంట్లో మాకో గొడవ కూడా అయింది, "నీ పేరు రాయడం మర్చిపోయాను" అని ఆయన అన్నందుకు.

కాబట్టి దిగిన రోజే ఇద్దరి ఇంటిపేర్లూ డబ్బా మీద రాయండి. ఆ తర్వాత ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా ఆ ప్రాంతం ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనరు సంతకం పెట్టిన ఫారం ఒకటి వెంట ఉండాలి. మామూలు అద్దె అగ్రిమెంటు దానికి బదులు పనికిరాదు. అక్కడ ఇచ్చే కాగితం లేకపోతే చాలా పనులు ముందుకు కదలవు. స్లాట్లు తొందరగా దొరకవు కనుక వైజాగ్‌లో ఉండగానే ఆన్‌లైన్లో బుక్ చేసుకోండి.

పేరుతో ఇంకో తంటా ఉంది. మొదటి శీతాకాలం జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వెయిటింగ్ రూములో గంట కూర్చున్నాను. నా తర్వాత వచ్చినవాళ్ళు కూడా లోపలికెళ్ళి వచ్చేశారు. అడిగితే తెలిసింది, నన్ను మూడుసార్లు పిలిచారట. మన 'శ్రీమతి' లాంటి 'ఫ్రావ్' ముందు తగిలించి ఇంటిపేరుతో పిలుస్తారు. స్కూల్లో హాజరు వేసేటప్పుడు తప్ప నన్నెవరూ ఇంటిపేరుతో పిలిచిన పాపాన పోలేదు. దానికి తోడు వాళ్ళ యాస ఒకటి. జె అక్షరాన్ని వాళ్ళు 'య' లా చదువుతారు. జయ అనే అమ్మాయి అక్కడ యాయా అవుతుంది. ఎదురింటమ్మాయికి మొన్న ఇదే ప్రాక్టీసు చేయించాను. ఇంటిపేరు అక్షరం అక్షరం జర్మన్లో చెప్పడం నేర్చుకోవాలి. వి అంటే ఫౌ, డబ్ల్యూ అంటే వే, వై అంటే ఇప్సిలోన్. ఫోన్లో సగం పనులు దీంతోనే నడుస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందా? వీసాకి ముందే ఇక్కడ సరిచేయించుకోండి. అక్కడికెళ్ళాక అది పెద్ద తలనొప్పి.

ఇక్కడ ముగించుకోవాల్సినవి

డిగ్రీ ఓడీ, అంటే ఒరిజినల్ పట్టా. నేను ప్రొవిజనల్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళాను, ఒరిజినల్ ఎప్పుడైనా తీసుకోవచ్చులే అని. ఉద్యోగానికి దరఖాస్తు పెడితే అసలు పట్టా కావాలన్నారు. పాపం నాన్న ఆ ఎండలో ఆంధ్రా యూనివర్సిటీకి నాలుగుసార్లు తిరిగారు. తప్పు నాది. ఆయన మాత్రం క్యాంటీన్లో టీ బాగుందని ఫోన్లో చెప్పేవారు.

ఇక్కడి ఫోన్ నంబరు వదులుకోకండి. బ్యాంకుదీ ఆధార్‌దీ ఓటీపీలు దానికే వస్తాయి. వెళ్ళేముందు రోమింగ్ ఆన్ చేయించి, ఎస్సెమ్మెస్ వస్తుందో లేదో చూసుకోండి. సేవింగ్స్ ఖాతాని ఎన్నార్వో ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా, మార్పించుకోవాలి. దీన్ని చాలామంది ఏళ్ళ తరబడి వదిలేస్తారు. బ్యాంకుకి స్వయంగా వెళ్ళగలిగినప్పుడే చేయించుకోండి.

ఇల్లు

అద్దె రెండు రకాలుగా రాస్తారు. చల్లద్దె అంటే ఉత్త ఇంటికి. వెచ్చద్దె అంటే హీటింగు, నీళ్ళు వగైరా ఖర్చులు కలిపి. ప్రకటనలో రెండోదే చూడండి. అడ్వాన్సు మూడు నెలల చల్లద్దెకి మించి అడగకూడదని చట్టం ఉంది. మాకు చూపించిన ఒక ఇంట్లో వంటగదిలో గోడలు తప్ప ఏమీ లేవు. అంతకుముందున్నవాళ్ళు సింకుతో సహా ఊడదీసుకుపోయారు. అక్కడది మామూలే. ఇల్లు చూసేటప్పుడు "వంటగది ఉందా?" అని అడగడం సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు.

చలికాలంలో కిటికీలు మూసుకుని సాంబారు కాస్తే గోడలకి బూజు పడుతుంది. ఎంత చలైనా రోజుకి రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తీసి ఐదు నిమిషాలుంచాలి. మొదట్లో నాకిది పిచ్చిగా అనిపించింది, డబ్బులిచ్చి వేడి చేసుకున్న గాలిని వీధిలోకి పారబోయడమేంటని. రెండో నెలలో బీరువా వెనకాల నల్లమచ్చలు కనిపించాక నోరు మూసుకున్నాను.

ఇక మిక్సీ. ఒక ఆదివారం పొద్దున్న ఆరున్నరకి కొబ్బరి చట్నీ రుబ్బాను. తొమ్మిదింటికి తలుపు మీద చీటీ ఉంది. అర్థం కాక ఫోన్లో ట్రాన్స్‌లేట్ చేసుకున్నాను: "ఆదివారం మిషను వద్దు, దయచేసి." కింది వాటాలో ఉండే పెద్దావిడ రాశారు. రాత్రి పదినుంచి పొద్దున్న ఆరు దాకా, ఆదివారాలు రోజంతా, చప్పుడు చేయకూడదని అప్పటికి నాకు తెలీదు. మనల్ని చూస్తే వీళ్ళకి పడదేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. మూడోరోజు ధైర్యం చేసి, పాలూ నెయ్యీ లేని కొబ్బరి లౌజు నాలుగు ముక్కలు పట్టుకుని బెల్లు కొట్టాను. ఆవిడ నా పేరు అడిగి, కాగితమ్మీద రాయించుకున్నారు. అప్పట్నుంచి మేం ఇంట్లో లేనప్పుడు మా పార్సిళ్ళు ఆవిడే తీసుకుంటారు. అక్కడ పక్కింటివాళ్ళు అలా తీసుకోవడం మామూలు. కానీ పేరు తెలియనివాళ్ళ పార్సిలు ఎవరు తీసుకుంటారు? చీటీ వస్తే కోపం తెచ్చుకోకండి. తలుపు కొట్టండి. చట్నీ మాత్రం శనివారమే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఆదివారం దుకాణాలు కూడా ఉండవు. ఆదివారమంటే ఫిషింగ్ హార్బరుకెళ్ళి రొయ్యలు తెచ్చుకునే ఇంట్లో పుట్టినదాన్ని, నాకిది అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

ఇంటింటికీ నెలకి 18.36 యూరోలు కట్టమని రేడియో, టీవీ రుసుము ఉత్తరం వస్తుంది. మోసమనుకుని చించకండి. టీవీ లేకపోయినా కట్టాల్సిందే.

మాట

క్లాసులో ఏ1, అంటే జర్మన్ మొదటి మెట్టు పరీక్ష, పాసవడం ఒకెత్తు, కొట్లో నోరు తెరవడం ఒకెత్తు. నేను రోజూ పదకొండింటికి ఒకే బేకరీకి వెళ్ళేదాన్ని. ఒకటే వాక్యం: "మొయిన్. త్స్వై బ్రోట్‌షెన్, బిట్టె." నమస్కారం, రెండు బన్నులు ఇవ్వండి అని. హాంబర్గ్‌లో మొయిన్ అంటే పొద్దున్నా సాయంత్రం ఏదైనా చెల్లుతుంది. ఆ ఊరు మనకి చేసిన ఉపకారం అది. మూడో వారానికి నేను నోరు తెరవకముందే రెండు బన్నులు సంచిలో పడ్డాయి. నాకు ఒకపక్క సంతోషం, ఒకపక్క నేర్చుకున్న వాక్యం వృథా అయిందని బాధ. మర్నాడు మూడు అడిగాను.

హాంబర్గ్ పౌర గ్రంథాలయాల్లో 'డియాలోగ్ ఇన్ డోయిచ్' అని సంభాషణ బృందాలు నడుస్తాయి. ఉచితం. గంటసేపు కూర్చుని మాట్లాడుకోవడమే. నాకు క్లాసుకంటే అదే పనికొచ్చింది. అక్కడ సిరియా ఆవిడా, కొలంబియా అబ్బాయీ నాకంటే తప్పుగా మాట్లాడేవారు, నాకంటే ఎక్కువ మాట్లాడేవారు. మనవాళ్ళకి ఒక సుఖం ఉంది. వాళ్ళ 'జీ', 'డు' మన మీరు, నువ్వు లాంటివే. వయసులో పెద్దవాళ్ళు తామే నువ్వు అనమంటేనే అనాలి. ఆ పద్ధతి మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కా, పిన్నీ అని పిలిచే వీల్లేకపోవడమే కష్టం. కింది వాటా ఆవిడని మనసులో ఇప్పటికీ మామ్మగారనే అనుకుంటాను.

ఆడపిల్లలకి ఒక మాట. భర్తది బ్లూ కార్డయితే (పెద్ద చదువుల ఉద్యోగులకి ఇచ్చే నివాస అనుమతి) అక్కడికెళ్ళిన భార్యకి మొదటి రోజునుంచే పని చేసుకునే హక్కుంటుంది. 'డిపెండెంట్' అన్న మాట విని ఇంట్లో కూర్చోకండి. నేను రెండేళ్ళు కూర్చున్నాను.

చీకటి

డిసెంబరులో హాంబర్గ్‌లో సాయంత్రం నాలుగింటికి పొద్దుగుంకుతుంది. విశాఖలో అదే నెలలో ఐదింటికి కూడా ఆర్కే బీచ్‌లో వెలుగు ఉంటుంది. దీని గురించి నాకెవరూ చెప్పలేదు. చలి అన్నారు, స్వెట్టర్లన్నారు, చీకటి అనలేదు. మొదటి డిసెంబరులో నేను కారణం లేకుండా ఏడ్చేదాన్ని. మీకూ అలా అయితే మీలో లోపం ఉందనుకోకండి. మధ్యాహ్నం పన్నెండింటికి, వాన పడుతున్నా సరే, అరగంట బయట నడవండి. డాక్టరుని విటమిన్ డి గురించి అడగండి. ఏడుపు తగ్గకపోతే అదీ దాచకుండా చెప్పండి.

నాకు మందు ఓడలు. లాండుంగ్స్‌బ్రుకెన్ రేవునుంచి 62 నంబరు ఫెర్రీని మామూలు బస్సు టికెట్టుతోనే ఎక్కనిస్తారు. టూరిస్టు పడవలకి డబ్బు పోయకుండా దాన్లో ఫింకెన్‌వెర్డర్ దాకా వెళ్ళి రావచ్చు. నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్ళు చేశారు. ఒకరోజు ఫెర్రీలోంచి వీడియో కాల్ చేసి ఎదురుగా ఉన్న, ఓడలు బాగుచేసే డ్రైడాకు చూపించాను. "కొంచెం ఎడమకి తిప్పమ్మా, ఆ క్రేను చూడనీ" అన్నారు. ఇరవై నిమిషాలు మా ఇద్దరికీ చలి గుర్తుకు రాలేదు. "ఉప్పు వాసనొస్తందా?" అనడిగారు. రాదు. సముద్రం అక్కడికి వంద కిలోమీటర్లుంటుంది, అది నది అని చెప్పాను. "ఆహా" అని ఊరుకున్నారు.

అమ్మానాన్నలు

శీతాకాలంలో ఇండియాకీ జర్మనీకీ నాలుగున్నర గంటలు తేడా, వేసవిలో మూడున్నర. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో అక్కడ గడియారాలు మారుస్తారు. ముందే చెప్పకపోతే అక్టోబరు చివర్లో మీ ఫోను గంట ఆలస్యమవుతుంది, ఇక్కడ అమ్మ బీపీ పెరుగుతుంది.

నాన్న బాత్రూములో జారిపడినప్పుడు నేను చేరడానికి రెండు విమానాలు మారి ఇరవై గంటల పైన పట్టింది. ఈలోపు ఆస్పత్రిలో చేర్చింది, సంతకాలు పెట్టింది మా పిన్ని కొడుకు. వాడి దగ్గర తాళంచెవి, నాన్న వేసుకునే మాత్రల జాబితా, బ్లడ్ గ్రూపు, ఇన్సూరెన్సు కార్డు ఫోటో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అవి నేను ముందుచూపుతో ఇచ్చినవి కావు. అంతకు ఆర్నెల్ల ముందు అమ్మ ఇచ్చింది. మీరు మాత్రం వెళ్ళేముందే ఒక మనిషిని అనుకుని, ఆ మనిషికి అనుకున్నట్టు చెప్పండి. "ఏదైనా అయితే చూస్తావు కదా" అని గాల్లో అనొద్దు.

అమ్మానాన్నల్ని అక్కడికి పిలిస్తే ప్రతి 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. కనీసం 30,000 యూరోల ప్రయాణ వైద్య బీమా తప్పనిసరి. జూన్‌లో పిలవండి. డిసెంబరులో పిలిచి నేను చేసిన తప్పు చేయకండి.

సర్దుకోవడం

కుక్కర్ తీసుకెళ్ళండి. ఇండక్షన్ మీద పనిచేసే స్టీలుదే. అల్యూమినియంది ఆ పొయ్యి మీద పెడితే ఉలకదు పలకదు. మిక్సీ కరెంటు 230 వోల్టులే కాబట్టి నడుస్తుంది, మూడు పిన్నుల ప్లగ్గుకి అడాప్టరు కావాలి. ఇడ్లీ పిండి పులియదు. రాత్రి ఓవెన్లో లైటు మాత్రం వేసి గిన్నె లోపల పెట్టండి, పొద్దున్నకి పొంగుతుంది.

నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చడి సూట్‌కేసులో పెట్టకండి. బయటి దేశాలనుంచి పాలవీ మాంసానివీ తేనివ్వరు, పట్టుకుంటే పారేస్తారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. చేపలకి మాత్రం మినహాయింపు ఉంది, ఒక్కొక్కరికి 20 కిలోల దాకా. కాబట్టి ఎండు రొయ్యలు హాయిగా తీసుకెళ్ళొచ్చు. వేయించేటప్పుడు మాత్రం కిటికీలు తెరిచి, కింది వాటా మామ్మగారు బయటికెళ్ళిన పూట చూసుకోండి.

ఆవకాయ సీసాకి చుట్టగా మిగిలిన సెల్లోటేపు, ఒక నల్ల మార్కరు పెన్ను హ్యాండ్ బ్యాగేజీలో పెట్టుకోండి. ఇల్లు చేరిన రాత్రే, పడుకోకముందే, కిందికి దిగి డబ్బా దగ్గరికెళ్ళాలి.