రోజూ దేవునికి కృతజ్ఞత చెప్పే అలవాటు ఎలా చేసుకోవాలి?

"ప్రభువా, ఈ దినమంతా కాచి కాపాడినందుకు నీకు స్తోత్రం." ఏళ్ల తరబడి మనం అంటున్న మాటే ఇది. అయితే అలా అంటున్నప్పుడు ఈ రోజు ఆయన దేన్నుంచి కాపాడాడో ఒక్క సంగతైనా మనసులో మెదులుతోందా? నాకైతే చాలాకాలం మెదల్లేదు. నోరు స్తోత్రం చెబుతుండగానే మనసు అడగాల్సిన వాటి దగ్గరికి వెళ్లిపోయేది.

లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగులు బాగుపడ్డారు, ఒక్కడే వెనక్కి వచ్చాడు. మిగతా తొమ్మిదిమందికి సంతోషం లేదని నేననుకోను, ఖచ్చితంగా ఉండి ఉంటుంది. కానీ ఈ ఒక్కడు తనకు నయమైందని చూసుకుని, తిరిగి వచ్చి, యేసు పాదాల దగ్గర పడి ఆ మాట ఆయనతోనే చెప్పాడు. మనం రోజూ నేర్చుకోవాల్సింది అదే.

ముందు ఒక సమయానికి కట్టేయండి

వీలున్నప్పుడు చేద్దాం అనుకుంటే ఆ వీలు ఎప్పటికీ దొరకదు. మీరు ఎలాగూ రోజూ చేసే పని ఒకటి చూసుకుని, పడక మీదికి చేరడమో, భోజనానికి కూర్చోవడమో, దానికి ఐదు నిమిషాలు జోడించండి. రాత్రి కళ్లు మూతలు పడిపోయేవాళ్లు పొద్దున్నే నిన్నటి రోజును తలుచుకోవచ్చు. దానియేలు 6:10 చూడండి, ప్రార్థన చేస్తే సింహాల గుహే అని శాసనం వచ్చాక కూడా ఆయన రోజుకు 3 సార్లు మోకాళ్లూని దేవుణ్ణి స్తుతించాడు, అది కూడా "యథాప్రకారముగా". ఆపద వచ్చాక మొదలుపెట్టిన అలవాటు కాదు, అంతకుముందే ఉన్నది.

రోజును మొదటి నుంచి తిరిగి చూడండి

లేచినప్పటి నుంచి గంట గంటా నెమ్మదిగా గుర్తు తెచ్చుకోండి. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే క్యాథలిక్ గురువు నేర్పిన ఆత్మపరీక్షలో మొదటి మెట్టు పాపాలు లెక్కపెట్టుకోవడం కాదు, పొందిన మేలులకు దేవునికి కృతజ్ఞత చెప్పడం. తప్పులు ఆ తర్వాత. నాకు ఈ వరుస చాలా మేలు చేసింది, ఎందుకంటే తప్పులతో మొదలుపెడితే నేను అక్కడే ఆగిపోయేదాన్ని.

ఒక పుస్తకంలో రోజుకు మూడు మేలులే రాయండి, కానీ చిన్నవి రాయండి

"కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం" అని రాస్తే నాలుగో రోజుకి విసుగొస్తుంది. "మధ్యాహ్నం కోపంతో పెద్ద మెసేజ్ టైప్ చేసి, ఎందుకో పంపకుండా ఆగిపోయాను" అని రాయండి. "రిపోర్టు చూసి డాక్టర్ భయం లేదన్నప్పుడు అమ్మ వదిలిన ఊపిరి" అని రాయండి. అక్కడితో ఆగితే అది డైరీ అవుతుంది. దాన్ని ఆయనతో చెప్పండి: "నన్ను ఆపింది నువ్వే ప్రభువా, నీకు స్తోత్రం." నాకు తెలిసినంతలో అలవాటు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని 103వ కీర్తనలో దావీదు తన ప్రాణానికే చెప్పుకున్నాడంటే, మరిచిపోవడం మనకెంత సులువో ఆయనకి తెలుసన్నమాట.

ఏమీ బాగాలేని రోజు

అసలు కష్టమంతా ఇక్కడే. "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అన్న 1 థెస్సలొనీకయులు 5:18 పట్టుకుని, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి "దీనికి కూడా స్తోత్రం చెప్పు" అనేవాళ్లున్నారు. దయచేసి ఎవరితోనూ అలా అనకండి. యోహాను 11వ అధ్యాయంలో లాజరు కోసం యేసు కన్నీళ్లు విడిచాడు, సమాధి దగ్గర లోలోపల మూలిగాడు. అదే సమాధి ముందు, ఇంకా లాజరు బయటికి రాకముందే, "తండ్రీ, నీవు నా మనవి వినినందున" అంటూ కృతజ్ఞత చెప్పాడు. ఏడుపు ఆపుకుంటేనే కృతజ్ఞత చెప్పగలం అనేది ఆయన దగ్గర మనకు కనబడదు. కాబట్టి అలాంటి రోజున ముందు బాధనే రాయండి, 13వ కీర్తన మొదలైనట్టు "ఎన్నాళ్లు ప్రభువా" అని నిలదీసినా సరే. ఆ తర్వాత మూడు కాకపోయినా ఒక్క మాట: పక్కన వచ్చి కూర్చున్న మనిషో, కాసేపు పట్టిన నిద్రో. అదీ దొరక్కపోతే 136వ కీర్తన తీసి చదవండి, అందులో 26 వచనాలూ "ఆయన కృప నిరంతరముండును" అనే మాటతోనే ముగుస్తాయి. మనకు సొంత మాటలు లేని రోజున అవి చాలు.

ఒక జాగ్రత్త. "వాళ్లకంటే నా పరిస్థితి నయం, స్తోత్రం" అనే ప్రార్థన తెలియకుండానే నోట్లోకి వచ్చేస్తుంది. లూకా 18లో పరిసయ్యుడు కూడా దేవునికి కృతజ్ఞతే చెప్పాడు, దూరంగా నిలబడ్డ సుంకరిలాంటివాణ్ణి కానందుకు! పోలిక వచ్చిందంటే ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాయండి.

మీరు రాసినదాంట్లో ఒక మనిషి ఉంటే వాళ్లకూ ఒక ఫోన్ చేసి చెప్పండి. ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంటే పిల్లల్ని ముందు చెప్పనివ్వండి, మనం గమనించనివి వాళ్లు గమనిస్తారు. మధ్యలో నాలుగు రోజులు తప్పిపోతే వాటిని పూడ్చే పని పెట్టుకోకండి, ఈ రోజుతో మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది.

నెలకోసారి ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చదవండి. "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అని సమూయేలు ఒక రాయి నిలబెట్టి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టాడు, ఆ పుస్తకం మీకు అలాంటి రాయి. చదువుతుంటే కన్నీళ్లతో అడిగి, దొరికాక పూర్తిగా మరిచిపోయినవి కొన్ని తప్పకుండా కనబడతాయి. వాటి పక్కన ఆ రోజు తేదీ వేసి, అక్కడే ఆగి, ఆయనకు ఇప్పుడైనా చెప్పండి.