పరుగు రికార్డును తూచడం ఎలా: కాలిది ఎంత, షూది ఎంత

మారథాన్‌లోనో పదివేల మీటర్లలోనో రికార్డు పడిన ప్రతిసారీ అదే గొడవ. "అంతా షూ మహిమ" అని సగం మంది, "ఏ షూ వేసుకున్నా పరిగెత్తేది మనిషే కదా" అని మిగతా సగం. రెండూ గంపగుత్త మాటలే. టైమ్‌ని విడగొట్టి చూస్తే ఏ సాయం ఎంత కలిసిందో చాలావరకు తేలుతుంది. అధికారిక ఫలితాలు, ప్రతి 5 కిలోమీటర్లకు పట్టిన టైములు (స్ప్లిట్లు), రేసు వీడియో, ఒక క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందు అది రికార్డో కాదో తేల్చుకోండి

2019 అక్టోబర్ 12న వియన్నాలో కెన్యా రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగె 1:59:40కి మారథాన్ దూరం పూర్తి చేశాడు. అది ప్రపంచ రికార్డుల్లోకి ఎక్కలేదు. షూ వల్లే అనుకుంటారు గానీ అసలు కారణాలు వేరు. అది అందరూ పాల్గొనే పోటీ కాదు. వేగం నిలబెట్టడానికి తోడుగా పరిగెత్తే పేసర్లు 41 మంది జట్లుజట్లుగా మారుతూ వచ్చారు: ఐదుగురు ముందు, ఇద్దరు వెనక. ముందు వెళ్లే కారు రోడ్డు మీద లేజర్ గీతలు వేసింది. తాగడానికి సైకిల్ మీద తెచ్చి చేతికందించారు. మామూలు మారథాన్‌లో పేసర్ కూడా స్టార్ట్ లైన్ నుంచే రేసులో ఉండాలి, మధ్యలో కొత్త కాళ్లు దిగకూడదు.

తర్వాత దారి చూడండి. మొదలుకీ ముగింపుకీ మధ్య నేరుగా కొలిస్తే దూరం రేసు దూరంలో సగం దాటకూడదు. ఎత్తు కిలోమీటరుకు ఒక మీటరు కంటే ఎక్కువ తగ్గకూడదు, అంటే మారథాన్‌కు 42 మీటర్లు. 2011 బోస్టన్‌లో జెఫ్రీ ముటాయ్ 2:03:02 పరిగెత్తాడు. అప్పటి ప్రపంచ రికార్డు 2:03:59. అయినా లెక్కలోకి రాలేదు, ఎందుకంటే బోస్టన్ దారి ఒకవైపే సాగుతూ కిందికి దిగుతుంది. పైగా ఆ రోజు వీపు మీద గాలి.

మహిళల మారథాన్‌కు రెండు జాబితాలున్నాయి: మగవాళ్లతో కలిసి పరిగెత్తినది ఒకటి, ఆడవాళ్లు మాత్రమే ఉన్నది ఇంకొకటి. రెండింటినీ కలిపేస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

షూ లెక్క

ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఇక్కడే. నైకీ వేపర్‌ఫ్లైని "నాలుగు శాతం షూ" అన్నారు కాబట్టి టైమ్‌లో నాలుగు శాతం తీసేస్తారు. 2017లో వచ్చిన కొలరాడో యూనివర్సిటీ పరిశోధనలో ఆ నాలుగు శాతం ట్రెడ్‌మిల్ మీద ఖర్చయిన శక్తిది, టైమ్‌ది కాదు. గంటకు 20 కిలోమీటర్లు దాటిన వేగంలో గాలి నిరోధం బాగా పెరుగుతుంది, కాబట్టి మిగిలిన శక్తి అంతా వేగంగా మారదు. శక్తి ఆదా శాతం కంటే వేగం పెరిగే శాతం తక్కువే ఉంటుంది.

సాయం చేసేది ఏమిటన్నది కూడా తెలిసి ఉండాలి. అందరూ షూ అడుగుభాగంలో ఉండే గట్టి కార్బన్ ప్లేట్ పేరే చెబుతారు. కానీ ప్లేట్‌ను అడ్డంగా కోసేసి పరీక్షించినప్పుడు ఆదాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎక్కువ పని చేసేది మందపాటి మెత్తని ఫోమ్. నొక్కుకున్నప్పుడు తీసుకున్న శక్తిలో దాదాపు 87 శాతం తిరిగి ఇస్తుంది, పాత తరం ఫోమ్ సుమారు 66 శాతమే ఇచ్చేది. బరువు కూడా లెక్కే: ఒక్కో షూకి 100 గ్రాములు తగ్గితే సుమారు ఒక శాతం శక్తి మిగులుతుంది. 2023 బెర్లిన్‌లో టిగిస్ట్ అసెఫా 2:11:53 పరిగెత్తినప్పుడు వేసుకున్న జత ఒక్కోటీ 138 గ్రాములే.

2020 నుంచి రోడ్డు షూకి అడుగుభాగం (సోల్) మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, లోపల ఒక్క ప్లేటే ఉండాలి. ట్రాక్ మీద 2024 నవంబర్ నుంచి 20 మిల్లీమీటర్లే. పాత ట్రాక్ రికార్డుతో పోల్చేటప్పుడు తేదీ చూడండి, అంతకు ముందు 800 మీటర్లు, ఆపై దూరాలకు 25 దాకా అనుమతి ఉండేది.

షూ అందరికీ ఒకేలా పనిచేయదు. కొందరికి ఎక్కువ లాభం, కొందరికి ఏమీ లేదు, కొందరికి నష్టం కూడా. అందుకే సగటు అంకె పట్టుకుని ఒక మనిషి టైమ్‌లోంచి తీసేయడం తప్పు. మన దగ్గరి సంగతే చూడండి: 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ పెట్టిన 2:12:00 జాతీయ రికార్డు నలభై ఏళ్లు దాటి నిలిచింది. కొత్త షూలు బజారుకొచ్చాక కూడా చాలా ఏళ్లు దాన్ని ఎవరూ కదిలించలేకపోయారు.

పేసర్లు, లైట్లు

వీడియోలో రెండు చూడండి: పేసర్లు ఎన్నో కిలోమీటర్ దాకా ఉన్నారు, రన్నర్ వాళ్ల వెనక నక్కాడా, పక్కన పరిగెత్తాడా. వెనక ఉంటేనే గాలి తప్పుతుంది. ఇప్పుడు క్యాలిక్యులేటర్ తీయండి. వియన్నాలో కిప్‌చోగెకు కిలోమీటరుకు సుమారు 170.2 సెకన్లు. 2023 చికాగోలో కెల్విన్ కిప్టుమ్ 2:00:35 ప్రపంచ రికార్డుకు 171.5. అంతమంది పేసర్లు, కారు, లేజర్ అన్నీ కలిపి కిలోమీటరుకు 1.3 సెకన్ల తేడా. కిప్టుమ్ చివరి భాగమంతా ఒంటరిగానే పరిగెత్తాడు, రెండో సగం 59:47కి పూర్తి చేశాడు. ఇద్దరూ వేరు మనుషులు, కాబట్టి ఇది సాయానికి కచ్చితమైన ధర కాదు, ఒక అంచనా.

అదే మనిషి మీద కొలిచే అవకాశం ఫెయిత్ కిప్యెగాన్ ఇచ్చింది. 2023 మొనాకోలో ఆమె మైలు ప్రపంచ రికార్డు 4:07.64. 2025 జూన్‌లో పారిస్‌లో 13 మంది పేసర్లు, ప్రత్యేకమైన సూట్, షూలతో నాలుగు నిమిషాల్లోపు పూర్తి చేయాలని ప్రయత్నిస్తే వచ్చింది 4:06.91. తేడా 0.73 సెకన్లు. కాగితం మీద గాలి లెక్కలు ఇంతకంటే చాలా ఎక్కువ ఆశ పెట్టాయి.

ట్రాక్ లోపలి అంచున వెలిగే లైట్లు గాలిని ఆపవు, కాళ్లకు బలం ఇవ్వవు. ముందే సెట్ చేసిన వేగంతో కదులుతాయి, అంతే. లాభం ల్యాప్‌లు సమంగా రావడంలో ఉంది: మొదట్లో తొందరపడితే చివర్లో అంతకంటే ఎక్కువే కట్టుకోవాల్సి రావచ్చు. 2020 వాలెన్సియాలో జోషువా చెప్టెగె 26:11.00 పరిగెత్తాడు, ల్యాప్‌కు (400 మీటర్ల చుట్టుకు) సగటున 62.84 సెకన్లు. 2005లో లైట్లు లేకుండా కెనెనిసా బెకెలె 26:17.53, ల్యాప్‌కు 63.10. పావు సెకను. ఆ పావు సెకనులో లైట్లు, షూ, మనిషి ముగ్గురూ వాటాదారులే. బెకెలె ల్యాప్ టైములు పక్కన పెట్టి చూడండి, హెచ్చుతగ్గులు ఎంతుంటే లైట్ వాటా అంత అనుకోవచ్చు.

చివరి కొలత

2014లో డెనిస్ కిమెట్టో 2:02:57 నుంచి కిప్టుమ్ దాకా మగవాళ్ల రికార్డు సుమారు 1.9 శాతం తగ్గింది. 2003లో పౌలా రాడ్‌క్లిఫ్ 2:15:25 నుంచి 2024లో రూత్ చెప్‌న్‌గెటిచ్ 2:09:56 దాకా ఆడవాళ్లది నాలుగు శాతం. రాడ్‌క్లిఫ్‌కు కూడా మగ పేసర్లున్నారు, కాబట్టి పేసర్లతో ఇది తేలదు. షూతో కొంత తేలుతుంది, మొత్తం కాదు. 2025 మార్చిలో ఇచ్చిన నమూనాలో నిషిద్ధ మందు దొరికి చెప్‌న్‌గెటిచ్‌పై మూడేళ్ల నిషేధం పడింది, 2024 రికార్డు మాత్రం తీసేయలేదు. తూకంలో ఇదీ వేయాలి. నాకైతే షూ మందం కంటే ఇదే బరువైనది.

తరాల మధ్య పోలిక కుదరకపోతే అదే రేసులో రెండో స్థానం, పదో స్థానం ఎంత వెనక ఉన్నారో చూడండి. అదే గాలి, అదే దారి, ఇంచుమించు అవే షూలు. పదిమందీ తమ సొంత రికార్డులు బద్దలు కొడితే ఆ రోజు వాతావరణానికో సాయానికో పెద్ద వాటా రాయండి. ఒక్కరే రెండు నిమిషాలు ముందుంటే ఆ రెండు నిమిషాలు షూ ఖాతాలో వేయకండి.