‘యాజ్ టైమ్ గోస్ బై’ని మొదటి నుంచి చూడటం ఎలా

బీబీసీ 1992 జనవరిలో ప్రసారం మొదలుపెట్టిన ‘యాజ్ టైమ్ గోస్ బై’ అనే హాస్య ధారావాహికను చూడాలనుకునే వారికి నేను మొట్టమొదట చెప్పేది, దీనిని మధ్యలో ఎక్కడో ఒక చోట తెరిచి చూడవద్దని. సుమారు అరగంట నిడివి ఉండే ఒక్కో ఎపిసోడ్‌కు దాని చిన్న కథ దానికి ఉన్నప్పటికీ, ఇద్దరు పెద్దవాళ్లు ఒకరినొకరు మళ్లీ తెలుసుకోవడమనే అసలు కథ ఆ చిన్న కథల వెనుక మెల్లగా సాగుతూ ఉంటుంది. వరుస తప్పితే అది చేజారిపోతుంది.

చూడటానికి ముందు పూర్వకథ తెలిసి ఉండటం మంచిది. దానిని చెప్పేస్తే ఆసక్తి తగ్గిపోయే రకం కాదు ఈ ధారావాహిక. 1953లో లండన్‌లో లయనెల్ హార్డ్‌కాసిల్ అనే యువ సైనికాధికారి, జీన్ అనే నర్సు ప్రేమించుకున్నారు. అతన్ని కొరియాకు పంపించారు. అక్కడి నుంచి అతను రాసిన ఉత్తరం ఆమెకు చేరలేదు. అతను తనను మరిచిపోయాడని ఆమె, ఆమె తనను వద్దనుకుందని అతను నమ్మి, ఎవరి దారిన వారు బతికారు. ముప్పై ఎనిమిదేళ్ల తరువాత, కెన్యాలో కాఫీ తోటలు పండించి, విడాకులు తీసుకుని, లండన్‌కు తిరిగివచ్చిన లయనెల్ తన జ్ఞాపకాల పుస్తకాన్ని టైపు చేయించుకోవడానికి ఒక ఏజెన్సీని ఆశ్రయిస్తాడు. ఆ ఏజెన్సీ యజమానురాలు, భర్తను కోల్పోయిన జీన్.

మొదటి సిరీస్‌లో, అంటే మొదటి విడతలో, ఉన్నవి ఆరు ఎపిసోడ్లే. వాటిని ఒకే పూటలో ముగించకుండా, రోజుకు ఒకటి, మహా అయితే రెండు చొప్పున చూడండి. ఇక్కడ సంఘటనలు తక్కువ కాబట్టి, తరువాత ఏం జరుగుతుందోనన్న తొందరతో చూస్తే ఏమీ జరగనట్టే అనిపిస్తుంది. రచయిత బాబ్ లార్బీ తన పాత్రల చేత మనసులోని మాటను నేరుగా చెప్పించడు. టీ కప్పు అందించడంలోనో, గది దాటి వెళ్లబోతూ వెనక్కి తిరగడంలోనో దానిని పెడతాడు. అందుకే సంభాషణ ఆగిపోయినప్పుడు కూడా తెర మీద నుంచి కళ్లు తిప్పవద్దు. జీన్‌గా నటించిన జూడీ డెంచ్ ఎదుటివారి మాట వింటున్నప్పుడు ఆమె ముఖాన్ని గమనించండి. లయనెల్‌గా జెఫ్రీ పామర్ ముఖం దాదాపు కదలదు, మాటల్లో ఎప్పుడూ ఒక సణుగుడు. ఆ సణుగుడు ఏ క్షణంలో మెత్తబడుతుందో పట్టుకోగలిగితే ఈ ధారావాహిక మీకు అందినట్టే. ధారావాహిక మొదలైనప్పుడు ఆమెకు 57 ఏళ్లు, అతనికి 64. ఆ వయసు వారిని ప్రేమకథకు నాయికా నాయకులుగా నిలబెట్టి, వారి ప్రేమను ఎగతాళి చేయకపోవడమే నాకు దీని మీద ఇంత అభిమానం కలగడానికి కారణం.

వీలుంటే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. పామర్ చాలా మాటలను గొణిగినట్టు పలుకుతాడు, నవ్వంతా తరచుగా ఆ చివరి రెండు పదాల్లోనే ఉంటుంది. స్టూడియో ప్రేక్షకుల నవ్వు కొత్తలో కొందరికి అడ్డుగా తోస్తుంది కానీ, రెండు మూడు ఎపిసోడ్ల తరువాత చెవి దానికి అలవాటు పడుతుంది.

కొన్ని హాస్యాలకు కాస్త నేపథ్యం కావాలి. లయనెల్ తండ్రి రాకీకి హాంప్‌షైర్‌లో ఉన్న పల్లెటూరి ఇంటిని చూసుకునే మిసెస్ బేల్‌కు బీబీసీ రేడియోలో వచ్చే షిప్పింగ్ ఫోర్‌కాస్ట్ అంటే ప్రాణం. అది బ్రిటిష్ దీవుల చుట్టూ ఉన్న సముద్ర భాగాలను డాగర్, ఫిషర్, జర్మన్ బైట్ అంటూ ఒక్కొక్కటిగా పేరు పెట్టి పిలుస్తూ గాలి, వాతావరణం చెప్పే ప్రకటన. ఓడల్లో ఉన్నవారి కోసం చదివే ఆ ప్రకటనను భూమి మీద ఉన్న ఆమె అంత శ్రద్ధగా ఎందుకు వింటుందోనన్న ఆశ్చర్యంలోనే నవ్వు పుడుతుంది. ఎనభై దాటినా ఉత్సాహం తగ్గని రాకీ మాత్రం ఏ నేపథ్యమూ లేకుండానే మనసుకు దగ్గరవుతాడు.

వీరి ప్రేమకథను అమెరికాలో టీవీ సిరీస్‌గా తీసే ప్రయత్నం చుట్టూ నడిచే ఎపిసోడ్లు నా దృష్టిలో కొంత సాగినట్టు ఉంటాయి. విసుగనిపిస్తే ఆ రోజుకు ఆపండి కానీ దాటేయవద్దు. నాలుగో సిరీస్‌లో పెళ్లి అవుతుంది, చాలామందికి అక్కడితో కథ ముగిసిందనిపిస్తుంది. దయచేసి అక్కడ ఆగవద్దు. ఒంటరిగా బతకడానికి అలవాటు పడిన ఇద్దరు, జీన్ కూతురు జుడిత్‌తోనూ, ఏజెన్సీలో పనిచేసే శాండీతోనూ ఒకే ఇంట్లో సర్దుకుపోవడాన్ని ఆ తరువాతి సిరీస్‌లే ఓపికగా చూపిస్తాయి. ఎవరి గది ఎవరిది, ఎవరి అలవాటు ఎవరు మానుకోవాలి అన్న చిన్న తగవుల్లోనే వారి దాంపత్యం గట్టిపడుతుంది.

తొమ్మిదో సిరీస్ 2002లో వచ్చింది. చివరి రెండు ప్రత్యేక ఎపిసోడ్లు 2005 డిసెంబరులో ప్రసారమయ్యాయి. మొదటిసారి చూసినవారు వాటి కోసం మూడేళ్లకు పైగా ఎదురుచూశారు. మీరు కనీసం కొన్ని వారాలైనా విరామం ఇచ్చి వాటిని చూస్తే, అప్పటికి 78 ఏళ్లు వచ్చిన పామర్ గుమ్మంలో కనిపించగానే చాలాకాలానికి పలకరించిన ఆప్తుడిని చూసినట్టు ఉంటుంది.