విఫలమైన గుండెలో ట్రోపోనిన్ మార్పును ఒక్క కణంలో కొలవడం ఎలా

గుండె వైఫల్యంలో అడ్రినలిన్ ఎడతెరిపి లేకుండా తగలడం వల్ల కణం మీద దాన్ని అందుకునే బీటా గ్రాహకాలు తగ్గిపోతాయి, మిగిలినవి మొద్దుబారతాయి. లోపల ప్రోటీన్లకు ఫాస్ఫేట్లు అతికించే పీకేఏ అనే ఎంజైమ్ పని సన్నగిల్లుతుంది. దాంతో కండరం బిగుసుకోవడాన్ని అదుపు చేసే ట్రోపోనిన్ ఐ అనే ప్రోటీన్‌లో 23, 24 స్థానాల్లోని సెరీన్ల మీద ఉండాల్సిన ఫాస్ఫేట్లు తగ్గుతాయి. ఫాస్ఫేట్ ఉంటే, కాల్షియంను పట్టే దాని జత ప్రోటీన్ ట్రోపోనిన్ సి ఆ కాల్షియంను త్వరగా వదిలేస్తుంది, కండరం చప్పున సడలుతుంది. లేకపోతే కొద్దిపాటి కాల్షియంకే బిగుసుకుంటుంది, వదలడానికి జాగు చేస్తుంది. ఇది బలం కాదు, నష్టమే. ఒక స్పందనకీ మరో స్పందనకీ నడుమ జఠరిక నిండాలంటే కండరం సడలాలి కదా.

ఈ మార్పును కణంలో పట్టుకోవచ్చు గానీ, తేడా తరచూ పీసీఏలో (కాల్షియం గాఢతను లాగరిథమ్‌లో చెప్పే కొలత, అంకె పెరిగితే కాల్షియం తగ్గినట్టు) 0.1, 0.2 దగ్గరే ఉంటుంది. చేతిలో జరిగే చిన్న పొరపాటు కూడా అంతే తేడా తెస్తుంది.

గుండె మార్పిడిలో తీసేసిన గుండె నుంచి, నైతిక కమిటీ అనుమతి, రోగి సమ్మతి ఉన్నాకే ముక్క తీసుకోవాలి. ప్రతి గుండెలోనూ ఎడమ జఠరిక గోడలో ఒకే చోటు నుంచి తీసి, వెంటనే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ఆలస్యమైతే ఫాస్ఫటేజ్‌లు అనే ఎంజైమ్‌లు ఫాస్ఫేట్లను తెంచేస్తాయి. అప్పుడు మీరు కొలిచేది జబ్బును కాదు, జాగును. ముక్కలో కొంత భాగాన్ని నైట్రోజన్‌లోనే పొడి చేసి, అసిటోన్‌లో కలిపిన 10 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆసిడ్‌లో వేయండి. ఎంజైమ్‌లు అక్కడికక్కడే ఆగిపోతాయి. తర్వాత ఫాస్-ట్యాగ్ జెల్ మీద ఫాస్ఫేట్ లేని, ఒకటి ఉన్న, రెండు ఉన్న ట్రోపోనిన్ ఐ పట్టీలు విడివిడిగా కనిపిస్తాయి.

మిగిలిన భాగాన్ని మంచు మీద, కాల్షియం లేని సడలింపు ద్రావణంలో కరిగించి, హోమోజినైజర్‌తో కొన్ని సెకన్లు మాత్రమే తిప్పండి. ఎక్కువ తిప్పితే కణాలు పీలికలవుతాయి. 0.5 శాతం ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌లో 5 నిమిషాలు ఉంచితే పొర కరిగిపోతుంది, ఇక లోపలి కాల్షియం మీ చెప్పుచేతల్లో ఉంటుంది. మూడుసార్లు కడగండి. ట్రైటన్ మిగిలితే జిగురు పట్టదు.

మైక్రోస్కోపు కింద ఇటుక ఆకారంలో ఉండి, అడ్డచారలు ఒక కొస నుంచి మరో కొస దాకా తీర్చినట్టు కనిపించే కణాన్నే ఎంచుకోండి. చారలు ఒకచోట మసకబారినా వదిలేయండి, లాగగానే అక్కడే సాగుతుంది. ఒక కొసను బలం కొలిచే సూదికి, రెండోదాన్ని మోటారు సూదికి అతికించి, జిగురు పూర్తిగా ఆరాక సార్కోమియర్ (అడ్డచారల మధ్య ఉండే, సంకోచించే ప్రమాణం) పొడవును 2.2 మైక్రోమీటర్లకు, ఉష్ణోగ్రతను 15 డిగ్రీలకు తెచ్చుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది ద్రావణాల దగ్గరే. ద్రావణంలో కాల్షియంను పట్టి ఉంచే ఈజీటీఏ అనే రసాయనం పట్టు పీహెచ్‌తో మారుతుంది. పీహెచ్ 0.1 పెరిగితే మధ్యస్థ కాల్షియం ఉన్న ద్రావణాల్లో స్వేచ్ఛా కాల్షియం మూడో వంతుకు పైగా పడిపోతుంది, అంటే పీసీఏలో 0.2 జరిగినట్టు. మీరు వెతుకుతున్న తేడా మొత్తం అందులో కొట్టుకుపోతుంది. అందుకే పీహెచ్ మీటరును ప్రయోగం జరిగే 15 డిగ్రీల దగ్గరే సరిచేసుకోండి. విఫలమైన గుండెలు, పోల్చడానికి తీసుకున్న దాత గుండెలు, ఈ రెండు గుంపులకూ ఒకే విడత ద్రావణం వాడండి.

ముందు పీసీఏ 4.5లో, అంటే దాదాపు 32 మైక్రోమోలార్ కాల్షియంలో, గరిష్ఠ బలం చూడండి. సార్కోమియర్ పొడవు సరిచేసి మళ్లీ చూడండి. ఆధారంగా తీసుకోవాల్సింది ఈ రెండో కొలత. తర్వాత మధ్యస్థ ద్రావణాలు, చివర మళ్లీ 4.5. చివరి బలం ఆ ఆధార కొలతలో 80 శాతానికి తగ్గితే ఆ కణాన్ని లెక్కలోంచి తీసేయండి. ప్రతిసారీ కణాన్ని చటుక్కున కుదించి వదిలేస్తే సున్నా గీత దొరుకుతుంది. మొత్తం బలంలోంచి సడలిన స్థితి బలాన్ని తీసేయండి. ఆ సడలిన బలం చాలావరకు టైటిన్ అనే సాగే ప్రోటీన్‌ది, దాన్ని విడిగా రాసుకోండి.

ఇప్పుడు అదే కణాన్ని పీకేఏ ఉత్ప్రేరక భాగంతో 20 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచి మళ్లీ కొలవండి. విఫల గుండె కణంలో కాల్షియంకూ బలానికీ ఉన్న సంబంధాన్ని చూపే వక్రం కుడికి, అంటే ఎక్కువ కాల్షియం వైపుకు జరిగి దాత గుండె వక్రంతో కలిసిపోతే కారణం ఫాస్ఫేట్ లోటే. కలవకపోతే జన్యు మార్పు, వేరే కైనేజ్ (ఫాస్ఫేట్ అతికించే ఎంజైమ్), ప్రోటీన్ తెగిపోవడం, వీటిని వెతకాలి. పీకేఏ లేకుండా అంతే సేపు ఉంచిన కణం తోడు లేనిదే ఈ ఫలితానికి విలువ లేదు. మైయోసిన్ బైండింగ్ ప్రోటీన్ సి మీదా, టైటిన్ మీదా కూడా పీకేఏ పనిచేస్తుందని మరవొద్దు. గరిష్ఠ బలమే తగ్గితే అది వేరే సంగతి, కణంలో మైయోఫిబ్రిల్స్, అంటే సంకోచించే పోగులు తగ్గి ఉండొచ్చు.

దాత గుండెను మామూలు గుండె అనుకోవడం పెద్ద పొరపాటు. మెదడు మరణంలో ఉప్పొంగిన అడ్రినలిన్, ఐసీయూలో ఇచ్చిన మందుల వల్ల అందులో ఫాస్ఫేట్ మామూలుకంటే ఎక్కువే ఉండొచ్చు. బీటా బ్లాకర్లతో సహా రోగి, దాత ఇద్దరి మందుల వివరాలూ కణం నంబరు పక్కనే రాయండి. లెక్క కట్టేటప్పుడు 5 గుండెల నుంచి 40 కణాలు కొలిచినా, నమూనాలు ఐదే.