కీబా దాచీలో మోకాలి నొప్పి: నాకు పనిచేసిన మార్పు

పర్లాకిమిడిలో నాతో కరాటే నేర్చుకుంటున్న ఇద్దరు నా మోకాలి నొప్పి ఎలా తగ్గిందని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. కీబా దాచీలో, అంటే గుర్రమెక్కినట్టు నిలబడే భంగిమలో, నిమిషం గడిచేసరికి నా కుడి మోకాలి లోపలివైపు పోటు వచ్చేది. టెక్కీ షోదాన్ అనే కాతా (కదలికల వరుస) మొత్తం ఆ భంగిమలోనే సాగుతుంది, తప్పించుకునే దారి లేదు. మోకాలి పట్టీ, నువ్వుల నూనె మర్దన, నెల రోజుల విశ్రాంతి, ఏవీ నిలవలేదు.

చివరికి మంచం అంచున కూర్చుని, మోకాళ్లు కదపకుండా పాదాలను ఒక్కొక్కటిగా బయటికి జరిపి చూశాను. ఎడమ పాదం సులువుగా వెళ్లింది. కుడిది సగంలోనే ఆగింది. బిగుతు తుంటిలో ఉంది! పాదాలు సమాంతరంగా పెట్టి మోకాళ్లు బయటికి నెడితే, తుంటి తిరగలేని మేరకు మోకాలు మెలిపడుతోంది.

అప్పుడు సుద్దముక్కతో నేలపై గీతలు గీశాను. ముందు, భుజాల వెడల్పుకు రెండింతలున్న పాదాల మధ్య ఎడాన్ని ఒకటిన్నర రెట్లకు తగ్గించాను. తరువాత కుడి పాదం వేళ్లను కొద్దిగా బయటికి తిప్పాను. ఆఖరున, మోకాలు రెండో వేలి వైపు చూస్తున్నంత వరకే కిందికి దిగాను. ఈ వరుస ముఖ్యం; ముందే దిగి పాదం తిప్పితే నొప్పి మళ్లీ వచ్చింది.

మాస్టారు మొదట ఒప్పుకోలేదు. టెక్కీకి మూలమైన ఒకినావా కాతా నైహాంచిలో ఇంతకంటే ఎత్తుగా, ఇరుకుగా నిలబడతారని గుర్తుచేశాక సరేనన్నారు. ఆరు వారాల్లో పోటు పోయింది.

ఎడమ తుంటి బిగుసుకున్నవారికి, పాత దెబ్బలున్నవారికి ఇది సరిపోతుందో లేదో చెప్పలేను. వాపు ఉన్నా, మోకాలు పట్టేస్తున్నా ముందు ఎముకల వైద్యుణ్ణి కలవండి.