మీ అర్జీ ఏ టేబుల్ మీద పెట్టాలి: యూనివర్సిటీలో ఎవరి పని ఏది

శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో 26 ఏళ్లు పరీక్షల గుమస్తాగా పని చేశాను. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల వివరాల జాబితాలు) కట్ట సంచిలో పెట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి ఎచ్చెర్ల యూనివర్సిటీకి వెళ్లడం, చీకటి పడేలోగా ఇల్లు చేరడం నా ఉద్యోగంలో సగం.

ఒకసారి ఒక అమ్మాయికి డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలన దగ్గరపడింది. మార్కుల మెమోలో తండ్రి పేరు తప్పు పడి ఉంది. వాళ్ల నాన్న టెన్షన్‌తో నేరుగా వీసీ (వైస్ చాన్సలర్) గారి పేషీకి వెళ్లి అర్జీ ఇచ్చేశాడు. అక్కడినుంచి అది రిజిస్ట్రార్ ఆఫీసుకి, ఆ తర్వాత పరీక్షల విభాగానికి దిగింది. చివరికి "ప్రిన్సిపాల్ ద్వారా పంపండి" అని రాసి మా కాలేజీకే వచ్చింది. అప్పటికి పదిహేను రోజులు గడిచాయి. నామినల్ రోల్‌లో ఆ అక్షరం తప్పు రాసింది నేనే. మొదటి రోజే నా దగ్గరికి వచ్చి ఉంటే, టెన్త్ సర్టిఫికెట్ జెరాక్స్ జతచేసి మర్నాడే పంపేవాడిని. ఆ తండ్రి ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మెమో పైభాగాన ఉన్న యూనివర్సిటీ పేరు చదవండి. మీ కాలేజీ ఏ ఊళ్లో ఉందన్నది కాదు, ఆ పేరే ముఖ్యం. ఎచ్చెర్లలో డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంతకుముందు అక్కడున్నది ఆంధ్ర యూనివర్సిటీ పీజీ సెంటర్. కాబట్టి 1998లో శ్రీకాకుళంలో డిగ్రీ చేసినవాళ్లు డూప్లికేట్ సర్టిఫికెట్ కోసం విశాఖ వెళ్లాల్సిందే. జేఎన్‌టీయూ కింది కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివినవాళ్లకైతే చదివిన ఏడాదిని బట్టి మెమో మీద హైదరాబాద్ జేఎన్‌టీయూ, కాకినాడ జేఎన్‌టీయూ, 2022లో వచ్చిన విజయనగరం గురజాడ జేఎన్‌టీయూ, ఈ మూడింటిలో ఏదో ఒక పేరుంటుంది. నైర వ్యవసాయ కాలేజీ రంగా అగ్రికల్చరల్ యూనివర్సిటీ కిందిది. విజయనగరం జిల్లాలోని గిరిజన విశ్వవిద్యాలయం రాష్ట్రానిది కాదు, కేంద్రానిది.

తర్వాత సెక్షన్. మార్కులు, రీవాల్యుయేషన్, ఆగిపోయిన రిజల్టు, ప్రొవిజినల్ సర్టిఫికెట్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా), ఇవన్నీ కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ కింద నడుస్తాయి. కాలేజీకి యూనివర్సిటీ అనుబంధం ఉందా లేదా అన్న సందేహం ఉంటే సీడీసీ (కాలేజ్ డెవలప్‌మెంట్ కౌన్సిల్) డీన్ ఆఫీసులో అడగాలి. సిలబస్‌లో తప్పుంటే ఆ సబ్జెక్టు సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్‌కి లెక్చరర్ల చేత రాయించండి. విజయనగరం మహారాజా కాలేజీ లాంటి అటానమస్ కాలేజీల్లో పరీక్షలు కాలేజీయే పెట్టుకుంటుంది, డిగ్రీ పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. అక్కడ మార్కుల గొడవకి యూనివర్సిటీకి పరుగెత్తితే బస్సు చార్జీలు దండగ.

వీసీ, పాలక మండలి, గవర్నర్ వేరే స్థాయి. ఎచ్చెర్ల, ఆంధ్ర యూనివర్సిటీల లాంటివి 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం నడుస్తాయి. గవర్నర్ కులపతి (చాన్సలర్). సెర్చ్ కమిటీ మూడు పేర్లు ఇస్తుంది, వాటిలో ఒకరు మూడేళ్లకు వీసీ అవుతారు. పాలక మండలిలో ప్రొఫెసర్లతో పాటు విద్యాశాఖ, ఆర్థిక శాఖ అధికారులూ కూర్చుంటారు, ఎందుకంటే జీతాలకు డబ్బు ప్రధానంగా ప్రభుత్వం నుంచే రావాలి. చదువుకి సంబంధించిన నియమాలు అకడమిక్ సెనేట్ చూస్తుంది. పరీక్ష ఫీజు ఎక్కువైందనో, ఒక నియమం పిల్లలందరికీ అన్యాయంగా ఉందనో అనిపిస్తే అప్పుడు వీసీకి రాయండి. పదిమంది సంతకాలతో రాయండి. ఒక్కరి మెమో గురించి మాత్రం అంత పైకి వెళ్లకండి. ఆ కాగితం మళ్లీ కిందికే వస్తుంది, రోజులు మీవి పోతాయి.

కొన్ని పనులు యూనివర్సిటీవే కావు. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు ఉన్నత విద్యామండలి చూస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వానిది. దాని కోసం కాలేజీ ఆఫీసులో, సచివాలయంలో అడగాలి.

పద్ధతిగా వెళ్లినా పని కాకపోతే విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి రాయండి. 2023 యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) నిబంధనల ప్రకారం కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అదీ నచ్చకపోతే 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కి (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. ఫైలు ఎక్కడుందో చెప్పకపోతే 10 రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో "నా పని ఎందుకు చేయలేదు" అని అడగకండి. "నా అర్జీ ఏ తేదీన ఏ సెక్షన్‌కి వెళ్లింది, దాని మీద రాసిన నోట్ కాపీ ఇవ్వండి" అని అడగండి. అలా అడిగితే దాటవేయడం కష్టం.

ఏ అర్జీ అయినా రెండు కాపీలు తీసుకెళ్లండి. మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు), తేదీతో ముద్ర పడ్డాకే కౌంటర్ దగ్గరనుంచి కదలండి.